ఐరన్ షాటుకు టీ పెట్టాలా, పేచీ పెట్టాలా?

గోల్ఫ్ మైదానం. ఎదురుగా 150 గజాల పార్ త్రీ, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోల్. చేతిలో సెవెన్ ఐరన్ క్లబ్బు. వెనకాల వియ్యంకుడుగారు, కల్నల్‌గారు, ఇంకొకాయన, ముగ్గురూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. బంతిని టీ అనే చిన్న పుల్ల మీద పెట్టాలా, గడ్డి మీదే పెట్టి కొట్టాలా?

ఆట వచ్చినవాణ్ని అడిగితే అర నిమిషంలో తేల్చేస్తాడు. టీ బాక్సులో, అంటే హోల్ మొదలుపెట్టే చోట, ఉన్నంతసేపూ టీ వాడుకోవచ్చని రూలే చెబుతోంది కాబట్టి పెట్టుకోమంటాడు. బంతి గడ్డి కొసల మీద తేలీ తేలనట్టు ఉంటే చాలంటాడు. అక్కణ్నుంచి ఫెయిర్‌వే గడ్డిలోకి కదిలాక మాత్రం బంతి ఎక్కడుంటే అక్కడే కొట్టమంటాడు. అయిపోయింది. ఇంత పొట్టి జవాబుతో జీవితం ఎలా గడుస్తుంది? దీన్ని నమ్ముకున్నవాడు బంతి సరిగ్గా తగలనప్పుడు తప్పు తనదేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ దుర్గతి మీకు పట్టకూడదనే ఈ చిట్కాలు. వరసగా పాటించండి. మధ్యలో మానేస్తే ఆట బాగుపడిపోయే ప్రమాదం ఉంది.

1. టీ కంటే ముందు మాట పెట్టండి.

పక్కాయన వంగి టీ గుచ్చుతుండగా, "ఐరన్‌కి కూడా టీ ఏంటండీ? ఫెయిర్‌వేలో ఎవరు పెడతారు మీకు టీ?" అని నవ్వండి. ఆయన మొహమాటపడి టీ పీకేసి బంతిని గడ్డి మీద పెడతాడు. అప్పుడు, "జాక్ నిక్లాస్ 18 మేజర్ టోర్నమెంట్లు గెలిచాడు. ఆయనే టీ పెట్టుకునే వీలున్నప్పుడు వదులుకోవద్దన్నాడు. మీకెందుకండీ అంత ధీమా?" అనండి. ఆయన మళ్లీ జేబులు తడుముకుంటాడు. ఈలోగా పేరున్న క్రీడాకారిణి లారా డేవిస్ సంగతి ఎత్తండి. ఆవిడ చెక్క టీ జోలికే పోదు. క్లబ్బుతో నేల మీద ఒక్క పోటు పొడుస్తుంది. పైకి లేచిన గడ్డి కుచ్చు మీద బంతి నిలబెట్టి కొడుతుంది. టీ బాక్సులో అది తప్పేమీ కాదు, రూలు ఒప్పుకుంటుంది.

మూడు మాటలూ నిజాలే. మూడూ మీరే అన్నారు. కాబట్టి ఆయన ఎలా కొట్టినా మీరు ముందే వద్దన్నట్టు లెక్క. ఇంత విన్నాక ఆ బంతి ఎక్కడికి పోతుందో నేను చెప్పక్కర్లేదు, చెరువే చెబుతుంది.

షాటుకు 40 సెకన్లు మించొద్దని రూల్సు పుస్తకంలో సిఫార్సు ఉందని ఎవరైనా గుర్తు చేయవచ్చు. సిఫార్సు అంటే ఏమిటో, అది ఎంతవరకు పనిచేస్తుందో ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఒకరు చెప్పాలా?

2. చర్చ చల్లారితే చరిత్ర ఎత్తుకోండి.

దీనికి సరుకు నేనిస్తాను. పూర్వం టీ అంటే తడి ఇసుకే. ప్రతి హోల్ మొదట్లో ఒక పెట్టెలో ఇసుక పెట్టేవాళ్లు. చిటికెడు తీసి, తడిపి, పూజకు పసుపు వినాయకుణ్ని చేసినట్టు చిన్న ముద్ద చేసి, దాని మీద బంతిని కూర్చోబెట్టేవాళ్లు. చేతులకు బురద. 1899 డిసెంబర్ 12న బోస్టన్ నగరంలో జార్జ్ గ్రాంట్ అనే పళ్ల డాక్టరు నేలలో గుచ్చే చెక్క టీకి పేటెంటు తీసుకున్నాడు. హార్వర్డ్‌లో ఆచార్య పదవి పొందిన తొలి నల్లజాతీయుడాయన. చేసిన టీలను అమ్ముకోకుండా స్నేహితులకు ఊరికే పంచిపెట్టాడు. అలాంటి మంచివాణ్ని లోకం మరిచిపోవడం సహజమే. అమెరికా గోల్ఫ్ సంఘం ఆయన ఘనతను గుర్తించేసరికి 1991 వచ్చింది.

తర్వాత 1920లలో న్యూజెర్సీలో విలియం లోవెల్ అనే ఇంకో డాక్టరు టీలకు ఎర్ర రంగు పూసి 'రెడ్డీ టీ' అని పేరు పెట్టాడు. ఇది మన రెడ్డిగారి టీకొట్టు అనుకునేరు, కాదు. వాల్టర్ హేగన్ లాంటి పెద్ద ఆటగాడికి డబ్బిచ్చి ఊరూరా వాడించాడు, ఇక అందరూ కొన్నారు. ఈయనా పళ్ల డాక్టరే! వారమంతా పీకి పీకి, ఆదివారం ఒక్కటైనా నాటుదామనిపించిందేమో ఇద్దరికీ. ఏదేమైనా పేరు పక్కన డిగ్రీ అక్షరాలున్న పెద్దమనుషులు కనిపెట్టిన వస్తువిది, తేలిగ్గా తీసిపారేయకండి.

ఈ కథ నిదానంగా చెబితే ఏడు నిమిషాలు పడుతుంది. అప్పటికి వెనక జట్టు వచ్చి నిలబడుతుంది. రానివ్వండి. ఎంతమంది పోగైతే మీ చెయ్యి వణకడానికి అంత గట్టి కారణం దొరుకుతుంది.

3. టీ పెట్టదలిస్తే నిండా పెట్టండి.

రూలు ప్రకారం టీ నాలుగంగుళాలు మించకూడదు. మించకూడదన్నారు కాబట్టి నాలుగంగుళాలదే తీసుకోండి. నేలలోకి కొన మాత్రమే దిగేలా గుచ్చండి. బంతి తాటిచెట్టు మీద ముంజకాయలా వేలాడుతూ కనబడాలి.

కోచ్‌లు వేరే చెబుతారు. డ్రైవర్ బంతిని పైకి లేస్తూ తాకుతుంది కాబట్టి దానికి ఎత్తు కావాలట. ఐరన్ కిందికి దిగుతూ తాకాలట. ముందు బంతి, ఆ తర్వాత నేల. లేచే గడ్డి చెక్క బంతి ఉన్న చోటికి ముందువైపు లేవాలట. అందుకని ఐరన్‌కి పావు అంగుళం ఎత్తు చాలట. పావు అంగుళం కోసం పేటెంట్లు తీసుకున్నారా ఆ మహానుభావులు?

మీ పద్ధతిలో కొడితే ఐరన్ ముఖం బంతి కిందనుంచి జారిపోతుంది. పై అంచు మాత్రం ముద్దుగా తగులుతుంది. బంతి గాలిగోపురమంత ఎత్తు లేచి, ఎక్కడ లేచిందో ఇంచుమించు అక్కడే దిగుతుంది. వెంటనే తల పైకెత్తి, "ఎత్తు చూశారా!" అనండి. దూరం సంగతి ఎవరూ అడక్కముందే అనాలి.

4. బంతిని మీరే లేపండి.

సెవెన్ ఐరన్ ముఖం 30 డిగ్రీల చిల్లర వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఉన్నదే బంతిని లేపడానికి. మనం కిందికి కొడితే అది పైకి పోతుందని అంటారు. ఇనప ముక్కను నమ్మి మన పని దానికి అప్పగించడం ఏం తెలివి? ఆఖరి క్షణంలో మణికట్లు తిప్పి, చేటలో బియ్యం చెరిగినట్టు బంతిని పైకి ఎగరేయండి. పప్పుగిన్నెలో గరిటె అడుగుదాకా ముంచి తీసినట్టు తీసినా సరే.

ఇందులో రెండు రకాల విజయాలున్నాయి. ఒకటి, క్లబ్బు బంతికి జానెడు వెనకే నేలలో దిగబడుతుంది. మట్టి బంతి కంటే దూరం వెళుతుంది. రెండు, క్లబ్బు అంచు బంతి నడినెత్తిన తగిలి అది సంచిలోంచి జారిన నిమ్మకాయలా నేలబారున దొర్లుకుంటూ పోతుంది. రెండోదే మేలు. దొర్లి దొర్లి ఒక్కోసారి జెండా ఉన్న గ్రీన్ మీదికి ఎక్కుతుంది కూడా. ఎక్కితే, "కావాలనే తక్కువ ఎత్తులో ఆడాను, గాలి ఉంది కదా" అనండి.

5. టీలు కొనకండి.

జేబులో ఒక్కటి కూడా ఉండకూడదు. ప్రతి పార్ త్రీ దగ్గరా, "ఒక టీ ఉందా?" అని అడగండి. ఎవరైనా అపార్థం చేసుకుని చాయ్ తెప్పిస్తే అదీ తాగండి.

పార్ త్రీ టీ బాక్సు నిండా ఎవరెవరో విరగ్గొట్టి వదిలేసిన టీ ముక్కలు పడి ఉంటాయి. ఐరన్‌కి కావలసిన ఎత్తు సరిగ్గా వాటిదే. తెలిసినవాళ్లు వంగి ఒక ముక్క ఏరుకుని పని కానిచ్చేస్తారు. మీరు వాటివైపు చూడకండి. వంగడం ఒక బాధ, పైగా ఊరికే దొరికినదాంట్లో ఎదుటివాడికి నష్టమేముంది? కొత్తది, పొడుగుది అడిగి తీసుకోండి. విరిగితే రెండు ముక్కలూ మర్యాదగా తిరిగివ్వండి. విరగకపోతే జేబులో వేసుకోండి. ఏడాది తిరిగేసరికి ఇంట్లో హార్లిక్స్ సీసా నిండుతుంది. బొమ్మల కొలువులో తోట చుట్టూ కంచె కట్టుకోవచ్చు.

6. గట్టు జరపండి.

టీ బాక్సులో రెండు గుర్తులు ఉంటాయి. వాటి మధ్య గీతకు వెనకవైపు, రెండు క్లబ్బుల పొడవు లోతున ఉన్న చోటంతా మీదే. అందులో గడ్డి బాగున్నచోటు, నేల చదునుగా ఉన్నచోటు వెతుక్కుని ఐరన్‌కి హాయిగా టీ పెట్టుకోవచ్చు. కాళ్లు బయట ఉన్నా పరవాలేదు, బంతి లోపలుంటే చాలు. రూలు రాసినవాళ్లు ఇంత దానం చేశారు. కానీ వెనక్కి నడవడం మన ఇంటా వంటా లేదు. బంతిని గీతకు బెత్తెడు ముందు పెట్టండి.

మొత్తం షాట్లు లెక్కేసే స్ట్రోక్ ప్లేలో దీనికి రెండు షాట్ల జరిమానా, పైగా లోపలికి వచ్చి మళ్లీ కొట్టాలి. అయినా 150 గజాల్లో బెత్తెడు కలిసిరావడమంటే చిన్న సంగతా మరి? ఎవరైనా పట్టుకుంటే గుర్తునే బూటుతో జరపండి. దానికీ రెండు షాట్లే. పొలంగట్టు ఏటా జానెడు చొప్పున జరిపి, సర్వేయరు గొలుసు పట్టుకొచ్చిన రోజున పెళ్లి ఉందని పొరుగూరు వెళ్లిపోయిన తాతగారి మనవలు మీరు. ఆ నేర్పు ఎక్కడికి పోతుంది?

7. గాలిని కొడితే రిహార్సల్ అనండి.

బంతిని కొట్టాలని క్లబ్బు ముందుకు ఊపితే, తగిలినా తగలకపోయినా అది ఒక షాటే. ప్రాక్టీసుకి ఊపినది మాత్రం లెక్కలోకి రాదు. రెండింటికీ తేడా ఒక్కటే, మీ ఉద్దేశం. అది మీ కడుపులో ఉంది. అక్కడికి వచ్చి చూసేదెవరు?

అయితే దీనికి ముందస్తు ఏర్పాటు కావాలి. ప్రతిసారీ బంతి పక్కన నిలబడి మూడుసార్లు, అసలు షాటులాగే, మూలుగుతో సహా ఊపండి. నాలుగోసారి నిజంగా ఊపినప్పుడు గాలే తగిలితే ఎవరికీ అనుమానం రాదు. ఆ గాలికి బంతి టీ మీంచి దొర్లి పడిందా, ఇంకా నయం. "పడిపోయిందండీ, మళ్లీ పెట్టుకుంటాను" అనండి. ఊపకముందే పడితే ఉచితంగా మళ్లీ పెట్టుకోవచ్చు. ఊపుతుండగా పడితే ఆ షాటు లెక్కే. ముందు పడిందా, మధ్యలో పడిందా అనేది మీరు ఎంత గట్టిగా మాట్లాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

నిజానికి రూలు ఇక్కడ చాలా దయగా ఉంది. నిజంగానే గాలిని కొట్టినా, బంతి ఇంకా టీ బాక్సులోనే ఉంటే, ఆ ఒక్క షాటు లెక్కేసుకుని, జరిమానా లేకుండా మళ్లీ టీ మీద పెట్టుకోవచ్చు. టీ ఎత్తు మార్చుకోవచ్చు కూడా. ఒక్క షాటు ఒప్పుకుంటే చాలు. వియ్యంకుడుగారు చూస్తుండగా ఎలా ఒప్పుకుంటారు?

8. ఫెయిర్‌వేలోనూ టీ వదలొద్దు.

ఇది ఈ చిట్కాలన్నిటికీ మూలవిరాట్టు, కాస్త నిలబడి వినండి. టీ బాక్సులో టీ పెట్టుకున్నవాడు రూలు పాటించినవాడు, అంతకుమించి అతనిలో విశేషం లేదు. బంతి 200 గజాల అవతల, ఎవరో తవ్వి వదిలిన గుంటలో పడి ఉన్నప్పుడు కూడా ఐరన్ కింద టీ ఉండాలి. ఉన్నదాన్ని ఉన్నచోటే కొట్టడం ఈ ఆటకు పునాది అంటారు. పునాదులు తవ్వితేనే కదా కిందేముందో తెలిసేది.

మొదట ఆకుపచ్చ టీలు సంపాదించండి. ఎరుపు, పసుపు దూరానికి కనబడతాయి. "ఇది నా బంతేనా?" అంటూ వంగండి. బంతి ఎవరిదో గుర్తుపట్టడానికి ఎత్తి చూడొచ్చు, కాకపోతే ముందు అది ఉన్నచోట గుర్తు పెట్టాలి, మళ్లీ అక్కడే దించాలి. గుర్తుగా టీని వాడినా తప్పు లేదు. ఇంతవరకూ మీరు ధర్మరాజే. గుర్తు తీసేయడం మరిచిపోయి బంతిని దాని మీదే దించండి. రెండు షాట్ల జరిమానా పడే పని, ఒక్కో హోల్‌నూ విడిగా గెలిచే మ్యాచ్ ప్లేలో అయితే ఆ హోలే పోతుంది. చూసినవాడుంటేనే కదా.

టీ మరీ బయటపడుతుందనిపిస్తే లారా డేవిస్‌ను తలుచుకుని బంతి వెనక నేలను పొడవండి. ఆవిడ టీ బాక్సులో చేసే పని మీరు ఫెయిర్‌వేలో చేస్తే జరిమానా అని చెప్పేవాళ్లు ఉంటారు. గొప్పవాళ్లను అనుకరించడం నేరమా అని అడగండి.

ఇందులో సంచి మోసే మనిషి సహకారం ముఖ్యం. అతన్ని గోల్ఫులో కేడీ అంటారు. పోలీసు స్టేషన్లో కేడీ అంటే అర్థం వేరు. మంచి ఆటగాడికి ఒకే మనిషిలో ఇద్దరూ దొరుకుతారు. దొరక్కపోతే తయారు చేసుకోండి. మీరు వంగినప్పుడల్లా అతను సంచిని మీకూ కల్నల్‌గారికీ మధ్యన దించి, బూటు లేసు కట్టుకోవాలి. దానికి అతనికి పైన వంద రూపాయలు ఇస్తానని చెప్పండి. ఇవ్వకండి. ఇస్తే వచ్చేవారం రెండు వందలంటాడు, ఇవ్వకపోతే బాకీ వసూలు చేసుకోవడానికైనా మళ్లీ మీ సంచే మోస్తాడు.

9. సాహిత్ తీగల ఆట ఇంట్లో పెట్టనివ్వొద్దు.

కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు మూలాల కుర్రాడు. 2023లో పీజీఏ టూర్ టోర్నమెంటు గెలిస్తే మనవాళ్లంతా మిఠాయిలు పంచుకున్నాం. ఆ మరుసటి ఏడు టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో రోజు ఏం చేశాడో తెలుసా? బంకర్ అనే ఇసుక గుంటలో క్లబ్బు వెనక్కి తీస్తున్నప్పుడు నాలుగు ఇసుక రేణువులు తగిలాయనిపించింది. తగిలితే తప్పు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తనే అధికారిని పిలిచి చెప్పి రెండు షాట్ల జరిమానా వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికీ అతనికీ తేడా సరిగ్గా రెండు షాట్లు! ఆ తేడా లక్షల డాలర్లు.

నాలుగు ఇసుక రేణువులు! మనం ఇంటి కోసం ఇసుక లారీకి వేబిల్లు లేకపోతే ఎంత నిబ్బరంగా ఉంటాం? పిల్లలు ఇలాంటివి చూస్తే రేపు పరీక్షలో మార్కులు ఎక్కువ పడ్డాయని మాస్టారుకి తిరిగిచ్చి వస్తారు. టీవీ కట్టేయండి.

10. గుంట పూడ్చకండి. మీ ఐరన్ లేపిన గడ్డి చెక్కను తెచ్చి సర్దడం, ఇసుక పోయడం మీ పని కాదు. అందులో రేపు పడేది కల్నల్‌గారి బంతి.

11. సాకుల డబ్బా సంచిలోనే ఉంచండి.

సంచిలో క్లబ్బులు 14 మించకూడదు. సాకులకు ఆ హద్దు లేదు. టీ పెట్టి కొట్టి చెడితే: "టీ పెట్టకుండా ఉండాల్సింది." పెట్టకుండా కొట్టి చెడితే: "పెట్టాల్సింది." ఈ రెండూ బియ్యం, పప్పు లాంటివి, ఎప్పుడూ నిల్వ ఉండాలి. మిగతావి ఊరిని బట్టి.

గోల్కొండ నయాఖిల్లాలో ఆడేవాళ్లు అదృష్టవంతులు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి బంతి పక్కకు పోయిన ప్రతిసారీ, "కోటలో ఎవడో గైడు చప్పట్లు కొట్టాడండీ, సరిగ్గా నేను దించేటప్పుడే" అనొచ్చు. అక్కడే 'హతియాన్ కా ఝాడ్' అని పిలిచే ఏనుగంత బావోబాబ్ చెట్టు కూడా ఉంది. దాని వయసు వందల ఏళ్లంటారు. "అంత పెద్ద చెట్టు ఎదురుగా ఉంటే కాళ్లు సరిగ్గా నిలవవండీ, గౌరవం" అనండి. విశాఖలో ఆడేవాళ్లకు సముద్రపు గాలి ఉంది. గాలి లేని రోజున, ఉండాల్సిన గాలి లేకపోవడం వల్ల లెక్క తప్పిందనండి. హైదరాబాద్‌లో అయితే, "రాత్రంతా అమెరికా టీంతో కాల్, కళ్లు మండుతున్నాయి." డాలస్‌లో అయితే, "రాత్రంతా హైదరాబాద్ టీంతో కాల్." ఒకే కాల్‌కి రెండు వైపులా రెండు ఐరన్లు చెడతాయి.

ఇవన్నీ అయిపోతే టామ్ వైస్కాఫ్‌ను పట్టుకోండి. 1980 మాస్టర్స్‌లో ఆగస్టా 12వ హోల్ దగ్గర, అదీ పార్ త్రీయే, ఐదు బంతులు వాగులో వేసి 13 షాట్లు ఆడాడు. బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు! మీరు 9లో ముగిస్తే ఆయన కంటే నాలుగు మెరుగు. అలా లెక్కేయడం నేర్చుకోవాలి.

12. ప్రాక్టీసు వద్దు.

అరగంట రేంజిలో నిలబడి, ఇరవై బంతులు పొట్టి టీ మీద, ఇరవై బంతులు గడ్డి మీద కొట్టి చూస్తే మీకు ఏది నప్పుతుందో తెలిసిపోతుంది. తెలిసిపోతే ఒకటో చిట్కా నుంచి అన్నీ దండగ.

13. ఆఖరికి తప్పంతా కేడీది.

పూర్వోదాహరణ ఉంది. 2001 బ్రిటిష్ ఓపెన్, రాయల్ లైథమ్ కోర్సు, చివరి రోజు. ఇయాన్ ఊస్నమ్ మరి కొందరితో సమానంగా ముందంజలో ఉన్నాడు. అక్కడ మొదటి హోలే పార్ త్రీ. ఐరన్‌తో కొట్టిన బంతి జెండా పక్కనే వాలింది. బర్డీ, అంటే పార్ కంటే ఒకటి తక్కువ. రెండో హోల్ దగ్గరికి వెళ్లాక కేడీ మెల్లగా చెప్పాడు, సంచిలో రెండు డ్రైవర్లున్నాయని. మొత్తం 15 క్లబ్బులు. రెండు షాట్ల జరిమానా. ఆ మహత్తరమైన ఐరన్ షాటు ఫలం ఆవిరైపోయింది. ఇంతా జరిగితే ఊస్నమ్ ఆ కేడీని అప్పటికప్పుడు పనిలోంచి తీసేయలేదు. ఇదీ మరి ఆయన చేసిన పొరపాటు.

మీరు అలా చేయకండి. ఒకటో హోల్ దగ్గరే, బంతి కొట్టకముందే, నలుగురూ వినేలా, "నువ్వు ఇచ్చిన టీ ఎత్తు సరిగ్గా లేదు, చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు" అని కేడీతో అనండి. అతను టీ ఇవ్వలేదు కదా అని మీకు అనుమానం రావచ్చు. అతనికీ వస్తుంది. కానీ వంద రూపాయల బాకీ మనసులో ఉంటుంది కాబట్టి, "సారీ సార్" అంటాడు. ఆ ఒక్క సారీ 18 హోళ్లకూ సరిపోతుంది.

14. స్కోరు కార్డు మీరే నింపండి.

కార్డు మీద మీ స్కోరు రాయడానికి వేరే మనిషి ఉంటాడు. చివర్లో ఇద్దరూ సంతకం పెట్టాలి. రాసినదాంట్లో కొట్టినదానికంటే ఎక్కువ ఉంటే ఆ ఎక్కువే ఖాయమవుతుంది. తక్కువ ఉంటే పోటీ నుంచి తొలగిస్తారు. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విసెన్జో 17వ హోల్‌లో 3 కొట్టాడు. తోటి ఆటగాడు 4 అని రాశాడు. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఒక్క షాటుతో టైటిల్ కోసం ప్లే ఆఫ్ ఆడే అవకాశం పోయింది. ఆ రోజు ఆయన 45వ పుట్టినరోజు కూడా. చూశారా, ఎక్కువ రాయించుకుంటే ఎంత నష్టమో? కాబట్టి తక్కువ రాసుకోండి.

టీ మీంచి పడ్డది తీసేయండి, రిహార్సల్ తీసేయండి, ఫెయిర్‌వే టీ తీసేయండి, గట్టు జరిమానా తీసేయండి. 9 కొట్టిన పార్ త్రీ ఎదురుగా 4 వేయండి. కల్నల్‌గారు సంతకం పెట్టనంటారు. అలా మాట్లాడుతూనే ఉండండి, ఎండ మండిపోతుంటుంది, ఆయనకు బీపీ. పెడతారు.

ఆయన తిన్నగా కమిటీ గదికి వెళ్లి చెప్పేశారనుకోండి, అసలు లాభం అక్కడే ఉంది. పోటీ నుంచి తొలగించినవాడికి చివరి స్థానం రాదు. వరసగా అన్నీ నిజాయితీగా లెక్కేసుకున్న మీ వియ్యంకుడుగారు పట్టికలో అట్టడుగున తలవంచుకుని ఉంటారు. మీరు ఆ పట్టికలోనే ఉండరు. మీ స్కోరు ఎంతో కూడా ఉండదు. మీ పేరు విడిగా ఉంటుంది, దాని పక్కన చక్కగా రెండక్షరాలు: డీక్యూ. గ్రాంట్‌గారికీ లోవెల్‌గారికీ పేరు పక్కన అక్షరాలు రావడానికి ఏళ్ల తరబడి జనం పళ్లు చూడాల్సి వచ్చింది, మీకు ఒక్క ఆదివారంతో వచ్చాయి. నోటీసు బోర్డుకు ఎదురుగా నిలబడి ఫోటో తీయించుకోండి. తీయడానికి కేడీని పిలవండి, వంద రూపాయలిస్తానని చెప్పండి.